స్వార్జితమైన దగ్గు

మా మామయ్య జీవితంలో చేసిన గొప్ప పని ఒక్కటే. ఆయన ఒకసారి దగ్గాడు.

అందరూ దగ్గుతారు, అందులో విశేషమేముంది అని మీకు అనిపిస్తే, మీరింకా మామయ్యను కలవలేదన్నమాట. మనం దగ్గిన దగ్గులన్నీ గాల్లో కలిసిపోతాయి. మామయ్య దగ్గు రికార్డయింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం, కిక్కిరిసిన హాల్లో, ఒక శాక్సఫోన్ విద్వాంసుడి కచేరీ మధ్యలో, సరిగ్గా పదకొండో నిమిషం నలభయ్యో సెకనుకు దగ్గాడు. ఆ కచేరీ రికార్డు ఎన్ని ఇళ్ళకు చేరిందో అన్ని ఇళ్ళలోనూ ఆయన నేటికీ దగ్గుతూనే ఉన్నాడు. "నేను పోయినా నా దగ్గు పోదు" అంటాడు. కొత్తగా విన్నవాళ్ళు పాపం మంచి డాక్టరు పేరు చెబుతారు.

మామయ్యంటే మా అమ్మకు అన్నయ్య. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గోడ పొడుగునా ఫ్రేములు, చిట్టచివర అక్షరాల బోర్డు, దానికెదురుగా ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఎంతమంది బలైపోయారో లెక్కలేదు. కంటి పరీక్షకు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము బిగించి, రెండు కళ్ళకూ అద్దాలు దించేదాకా మామయ్య నోరు విప్పడు. ఆ తర్వాత లేచి పారిపోదామన్నా దారి కనపడదు.

"మూడో వరుస చదవండి" అంటాడు. వాళ్ళు చదువుతారు. "బావుంది. మీరు జాజ్ వింటారా?"

"వినను."

"ఫరవాలేదు. నాలుగో వరుసకు వచ్చేలోపు చెప్పేస్తాను."

నాలుగో వరుసకు రావడానికి గంట పడుతుంది. ఏ అద్దం పెట్టినా "ఆహా, అద్భుతంగా కనిపిస్తోంది" అని చెప్పి బయటపడినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఎదురింటి గేటు తమదేననుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే, వీళ్ళు మామయ్య కథ విన్నవాళ్ళని నేను ఇట్టే పోల్చుకుంటాను.

ఆ శాక్సఫోన్ విద్వాంసుణ్ణి అభిమానులు 'పెద్దాయన' అంటారు. జాజ్‌లో ఒక పాటను ఇవాళ వాయించినట్టు రేపు వాయించరు. అందుకని పెద్దాయన స్టూడియోలో కూర్చుని బుద్ధిగా వాయించిన రికార్డులు అభిమానులకు ఆనవు. వాళ్ళకు కచేరీలే కావాలి. ఒకే పాట పది కచేరీల్లో పది రకాలుగా ఉంటుంది కాబట్టి, పదీ కొంటారు, పదీ పోల్చుకుంటారు, ఆ తర్వాత మాట్లాడుకోవడం మానేస్తారు. కచేరీలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు వారాలే. 'మంగళవారం' గొప్పదని ఒకరు, 'గురువారం' ముందు అదెంత అని ఇంకొకరు. అన్నిటికీ మించింది మాత్రం 'శనివారం' అని ఒప్పుకోనివాడు లేడు. అది పెద్దాయన ఆఖరి కచేరీ. ఆ తర్వాత, శాక్సఫోన్ మొనను కరిచి పట్టడానికి కావలసిన రెండు ముందుపళ్ళూ పాడై, ఆయన వాయించడం మానుకున్నాడు.

ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి మా క్లబ్బు ప్రెసిడెంటు గారికి కళ్ళ నీళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే ఆయన పళ్ళ డాక్టరు. "నా దగ్గరికి వచ్చి ఉంటే ఆ రెండు పళ్ళూ ఇప్పటికీ ఉండేవి" అంటాడు. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ప్రతి ఆదివారం పొద్దున్న ఆయన క్లినిక్కు ముందుగదిలో ఏడెనిమిది మందిమి చేరతాం. రోగులు కూర్చునే కుర్చీలే మాకూ. గోడ మీద పుచ్చిపోయిన పన్ను బొమ్మ, మధ్యలో పాత పత్రికల బల్ల, బల్ల మీద ప్లేయరు. రైల్వేలో పని చేసి రిటైరైన గార్డు గారు చేతి గడియారం చూస్తూ నిమిషాలు చెబుతుంటాడు. బేకరీ ఆవిడ మెత్తటి బిస్కెట్లు తెస్తుంది. కరకరలాడేవాటికి ప్రవేశం లేదు.

ఇక మా నాన్న. ఆయన లైబ్రేరియన్. ఉద్యోగమంతా 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చుని చేశాడు. అంత మెత్తటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కుర్చీ తగిలితే కుర్చీకి "క్షమించండి" అంటాడు. తలుపుకూ అంటాడు. ఒకసారి బట్టల షాపులో నిలబెట్టిన బొమ్మకు చెప్పి, అది పలకలేదని ఇంకోసారి చెప్పాడు. మామయ్య దీనికి పూర్తిగా ఉల్టా. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగడు. గార్డు గారి కళ్ళజోడుకు కుడి అద్దం ఎడమకూ, ఎడమ అద్దం కుడికీ బిగించి ఇచ్చి, ఆయన దెబ్బలాటకొస్తే, "ఇన్నాళ్ళూ మీరు చూసిందే తప్పు, ఇప్పుడు సరిగ్గా కనిపించేసరికి తేడాగా ఉంది" అని పంపించాడు.

ప్రతి ఆదివారమూ 'శనివారం'తోనే ముగుస్తుంది. పదకొండో నిమిషంలో పెద్దాయన ఉన్నట్టుండి ఆపేస్తాడు. హాలంతా ఊపిరి బిగబడుతుంది. గార్డు గారి గడియారం ప్రకారం నాలుగు సెకన్ల మౌనం. సరిగ్గా అప్పుడు ఎక్కడో వెనక వరుసలోంచి, "ఖళ్ళు... ఖ్." ఒకటిన్నర దగ్గు. మొదటిది నిండుగా, రెండోది మధ్యలోనే మింగేసినట్టుగా. ఆ వెంటనే శాక్సఫోన్ రెండు స్వరాలు పలుకుతుంది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ రెంటినే పట్టుకుని పెద్దాయన ఏడు నిమిషాల పాటు అల్లుకుంటూ పోతాడు. ఆ ఏడు నిమిషాల కోసమే మేము వారమంతా బతుకుతామని ప్రెసిడెంటు గారు అంటే, అతిశయోక్తి అని నాకెప్పుడూ అనిపించలేదు.

అనిపించేది తర్వాతి మాట. "బంగారం లాంటి మౌనం. పాడుచేశాడు. ఆ దగ్గినవాడు నా కుర్చీలో కూర్చుంటే మత్తివ్వకుండా ముప్ఫై రెండూ పీకేస్తాను" అంటాడాయన. అప్పుడు మామయ్య లేచి, కాలరు సర్దుకుని, నలువైపులా వంగి దండం పెట్టి కూర్చుంటాడు.

ఊరుకుంటే బావుణ్ణు. "ఆ రెండు స్వరాలూ నా దగ్గులోంచి పుట్టినవే. నిండు దగ్గుకు నిండు స్వరం, సగం దగ్గుకు సగం స్వరం. చెప్పాలంటే ఆ శనివారం మేమిద్దరం కలిసి వాయించాం" అంటాడు.

"తుమ్మి ఉంటే ఏం వాయించేవాడో" అంటాడు ప్రెసిడెంటు గారు.

"ఇంకా గొప్పగా వాయించేవాడు. ఏం చేస్తాం, నాకు తుమ్ము రాలేదు. కళ అన్నాక తెచ్చిపెట్టుకుంటే రాదు."

ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇదే వరస. క్లబ్బులోకి ఎవరొచ్చినా ప్రెసిడెంటు గారు గుమ్మం దగ్గరే నోరు తెరిపించి, టార్చి వేసి గొంతు చూస్తాడు. జలుబుంటే అటునుంచటే ఇంటికి. మామయ్య గొంతును మాత్రం రెండుసార్లు చూస్తాడు. ఆయనకంటూ ప్లేయరుకు అన్నిటికంటే దూరంగా, చెప్పుల స్టాండు పక్కన ఒక కుర్చీ వేయించాడు. మామయ్య దాన్ని సింహాసనంలా చూసుకుంటాడు, ఇంకొకరిని కూర్చోనివ్వడు. నాన్న ప్లేయరు పక్కనే కూర్చుని నేల చూపులు చూస్తుంటాడు. పాటలో లీనమైపోయాడని నేననుకునేదాన్ని.

ఆ కచేరీ గురించి మామయ్య చెప్పే వివరాలు వింటే కథకులు సిగ్గుపడాలి. పెద్దాయన వేసుకున్న కోటు ఒక ఏడు నీలం, ఒక ఏడు గోధుమరంగు, మొన్నీమధ్య గళ్ళది. అడిగితే, "దగ్గేవాడికి కోటు మీద ధ్యాస ఎక్కడుంటుంది?" అని నామీదే విరుచుకుపడ్డాడు.

ఇలా హాయిగా తిట్టుకుంటూ కాలక్షేపం చేస్తుండగా పిడుగులాంటి వార్త వచ్చింది. ఆ కచేరీకే హాలు కప్పు నుంచి వేలాడదీసిన ఇంకో మైకు టేపు బయటపడిందనీ, దాంతో 'శనివారం' మళ్ళీ విడుదల చేస్తున్నారనీ. "ముందెన్నడూ విననంత స్వచ్ఛంగా" అని ప్రకటన.

ప్రెసిడెంటు గారు ఆ కాగితం చేత్తో పట్టుకుని మాకందరికీ మూడుసార్లు చదివి వినిపించాడు. "స్వచ్ఛంగా అంటే ఏమిటి? దగ్గు తీసేశారని. ఇంకో రెండు వారాలాగండి. దగ్గు లేని శనివారం వింటాం."

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ దగ్గు పోతే ఆయనకిక మిగిలేది కళ్ళజోళ్ళ షాపు ఒక్కటే. అన్నం సహించడం మానేసింది. షాపులో మనుషుల్ని మూడు నిమిషాల్లో పరీక్షించి పంపేస్తున్నాడు, అదీ సరైన అద్దాలతో. ఊరివాళ్ళు కంగారు పడ్డారు. నన్ను కూర్చోబెట్టి రికార్డు కంపెనీకి ఉత్తరం రాయించాడు. "అయ్యా, పదకొండో నిమిషంలో నా భాగస్వామ్యాన్ని నా అనుమతి లేకుండా తొలగించుట అన్యాయము" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు. నేను నవ్వాపుకోలేక రెండుసార్లు కలం కింద పడేశాను. ఆయన కళ్ళు చూశాక మూడోసారి నవ్వు రాలేదు.

శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. షాపుకు రెండు గుమ్మాల అవతలున్న మ్యూజిక్ షాపాయన దగ్గరికి కొత్త రికార్డు వచ్చిందట, పదకొండో నిమిషం దాకా అక్కడే నిలబడి విన్నాడట.

"దగ్గు తీసేశారా?" అన్నాను.

"లేదు. ఉంది. బాగా ఉంది."

ఇల్లెగిరిపోయేట్టు గంతులు వేస్తాడనుకుంటే, గోడకు చేరగిలపడి కూర్చున్నాడు. "ఆదివారం మీ నాన్నను క్లబ్బుకు పంపకు" అన్నాడు మెల్లగా.

"ఎందుకు?"

"ఊరికే. మనిషన్నాక విశ్రాంతి ఉండాలి."

నాన్న లైబ్రరీలో ముప్ఫై అయిదేళ్ళు చేసింది అదే కదా అన్నాను. మామయ్య నా వైపు చూసిన చూపులో చిరాకు లేదు, బతిమాలడం ఉంది. నేను పట్టించుకోలేదు. ఎప్పటి పిచ్చే కొత్తగా తిరిగిందనుకున్నాను.

ఆదివారం అందరికంటే ముందు మామయ్యే వచ్చి కూర్చున్నాడు. ప్లేయరు తీగ కనిపించలేదు. వెతికితే ఆయన జేబులో దొరికింది. తర్వాత, ఇవాళ మబ్బుగా ఉంది, రికార్డుకు తేమ తగిలితే పాడవుతుందన్నాడు. మేమెవరమూ లెక్కచెయ్యకపోయేసరికి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ప్రెసిడెంటు గారిని తన పళ్ళ మీద చెయ్యి వెయ్యనివ్వని మనిషి, దవడ పట్టుకుని లేచాడు.

"పన్ను నొప్పి. ఇప్పుడే పీకండి."

"ఏ పన్ను?"

"ఏదో ఒకటి."

"కచేరీ అయ్యాక రెండు పీకుతాను, కూర్చోండి" అని ప్రెసిడెంటు గారు ప్లేయరు నొక్కాడు.

నిజంగానే స్వచ్ఛంగా ఉంది. పెద్దాయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. గార్డు గారు గడియారం చూస్తూ, పదకొండు, అన్నాడు. శాక్సఫోన్ ఆగింది. మౌనం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఖళ్ళు... ఖ్." మన పక్క కుర్చీలో దగ్గినంత స్పష్టంగా. ప్రెసిడెంటు గారి మొహం వాడిపోయింది. మరుక్షణంలోనే చెప్పుల స్టాండు వైపు నుంచి మామయ్య అందుకున్నాడు. అది దగ్గు కాదు, లారీ స్టార్టు చెయ్యడం. గోడ మీద పన్ను బొమ్మ ఊగింది.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు. పదకొండో నిమిషం, మౌనం, రికార్డులో దగ్గు, వెంటనే లారీ. మూడోసారీ అంతే. అందరం అరిచాం. నేనూ అరిచాను. సంతోషం పట్టలేక తనకు తనే వంత పాడుకుంటున్నాడనుకున్నాను.

"పన్ను పీకమన్నారుగా, నోరు తెరవండి" అన్నాడు ప్రెసిడెంటు గారు. మామయ్య అలవాటు కొద్దీ తెరిచాడు. అటొక దూది చుట్ట, ఇటొక దూది చుట్ట, నాలుక కింద ఇంకొకటి. పెట్టి, దవడ మూసి, భుజాలు పట్టుకోమని గార్డు గారికి అప్పజెప్పాడు. నాలుగోసారి పెట్టారు.

మౌనం. "ఖళ్ళు... ఖ్." దాని వెనకే, శాక్సఫోన్ అందుకునే లోపల, చాలా చిన్నగా, ఎవరికీ వినపడకూడదన్నంత మెత్తగా, ఒక గొంతు:

"క్షమించండి."

రెండు స్వరాలు. ఏడు నిమిషాలు. ఎవరమూ వినలేదు.

ముందుగా తేరుకున్నది గార్డు గారు. మామయ్య భుజాలు వదిలేసి, "ఈయన నా అద్దాలు మార్చినప్పుడే ఆ మాట అనలేదు" అన్నాడు. మామయ్య దూది లోంచి ఏదో అన్నాడు. "ఇది నేనే" అనో, "పోనీ వదిలేయండి" అనో, ఎవరికీ తెలియలేదు.

నాన్న లేచాడు. ఆ తొందరలో మోకాలు పత్రికల బల్లకు తగిలింది. "క్షమించండి" అన్నాడు బల్లతో.

రికార్డులో గొంతు ఎవరిదో ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. "ఆ దగ్గు నాది" అన్నాడు నాన్న. "జలుబుతో వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది."

మామయ్య ఒక్కొక్క దూది చుట్టా తీసి జేబులో పెట్టుకున్నాడు. "బావా, కూర్చో" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు తిట్లు తిని సంపాదించుకున్న దగ్గు. ఒక్క మాటతో పట్టుకుపోతానంటే ఎలా?"

"మరి ఆ శనివారం మీరెక్కడ కూర్చున్నారు?" అన్నాడు ప్రెసిడెంటు గారు.

మామయ్య చెప్పుల వైపు చూశాడు. "మా చెల్లెలింట్లో. దాని కళ్ళజోడు కాడ విరిగితే అతికిస్తున్నాను."

మిగతాది ఇంటికెళ్ళాక అమ్మ చెప్పింది. ఆవిడకు మొదటినుంచీ తెలుసు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ కచేరీకి టికెట్టు కోసం మామయ్య తెల్లవారకముందే వరుసలో నిలబడ్డాడు. దొరికింది ఒక్కటే. నాన్నకు పెద్దాయనంటే ప్రాణమని తెలిసి, "నాకీ బాకాలు వింటే తలనొప్పి" అని అబద్ధమాడి చేతిలో పెట్టాడు. నాన్న వెళ్ళాడు, దగ్గాడు, వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. ఏడాది తిరిగేసరికి ఆ దగ్గు రికార్డుకెక్కి ఊరేగింది. క్లబ్బు పెట్టిన మొదటి ఆదివారమే ప్రెసిడెంటు గారు ముప్ఫై రెండు పళ్ళ శపథం చేశాడు. నాన్న చేతిలో కప్పు సాసర్లో గలగలలాడింది. ఎవరిదో కళ్ళజోడు ఇచ్చిపోదామని వచ్చి గుమ్మంలో నిలబడ్డ మామయ్య, జాజ్ అంటే ఏమిటో తెలియని మామయ్య, "అది దగ్గింది నేనేనండీ" అన్నాడట. అనడంతో ఊరుకుంటే తిట్లాగవని, అది మామూలు దగ్గు కాదని కూడా అన్నాడు. అలా ప్రతి ఆదివారమూ ఆ దగ్గును పొగుడుతూనే వచ్చాడు, నాన్న వింటూ ఉండగా. మధ్యలో ఎప్పుడో ఆయనకు జాజ్ కూడా వంటబట్టింది.

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు?" అని నాన్నను నిలదీశాను. రెండో ఆదివారమే చెప్పేద్దామనుకున్నాడట. "కానీ అప్పటికే మీ మామయ్య దాంతో చాలా సంతోషంగా ఉన్నాడమ్మా. లాక్కుంటే బావుండదనిపించింది." ఒకరి కోసం ఒకరు ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకున్నారు. మామయ్య విషయంలో ఆ మాట సరిపోదనుకోండి.

క్లినిక్కులో ఆ రోజు ప్రెసిడెంటు గారు ముందు ప్లేయరు ఆపాడు. ఇంత మెత్తటి మనిషి ఎదురుగా ఇన్ని ఆదివారాలు ఏమేం అన్నాడో తలుచుకుంటున్నాడు కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి. చివరికి రికార్డు వెనక్కి తిప్పాడు. నాన్నను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈసారి మేం దగ్గు దగ్గర తల పట్టుకోలేదు. నిండు దగ్గు, సగం దగ్గు. నిండు స్వరం, సగం స్వరం. ఇంత తేలిగ్గా వినిపించేది ముప్ఫై ఏళ్ళు ఎలా వినపడలేదో మాకు తెలియదు. మామయ్య చెప్పడం వల్లే అయి ఉంటుంది. ఆయన చెప్పింది నిజమవుతుందని ఎవరనుకుంటారు?

"మధ్యలో ఆ క్షమించండి కూడా బాగానే ఉంది" అన్నాడు ప్రెసిడెంటు గారు, గోడ మీది పన్నుకేసి చూస్తూ.

తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గర మామూలుగా వరుస కట్టాం. నాన్న నోరు తెరవబోతే ప్రెసిడెంటు గారు వద్దని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. వెనకే మామయ్య. వారంలో మనిషి సగమయ్యాడు. దగ్గు లేదు, కచేరీ చూడలేదు, కోటు రంగు కూడా తెలియదు. ఆయన గొంతు పరీక్షించాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. అయినా గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, నోరు ఇంత తెరిచి ఆగాడు. మేమందరం ప్రెసిడెంటు గారి వంక చూశాం.

ఆయన జేబులోంచి టార్చి తీశాడు. ఒకసారి చూశాడు. తల పంకించి, ఇంకోసారి చూశాడు.

"చాలా ప్రమాదకరమైన గొంతు" అన్నాడు. "మీ కుర్చీ చెప్పుల పక్కనే. దూరంగా కూర్చోండి."

మామయ్య కాలరు సర్దుకుని, అందరి ముందునుంచీ నడిచి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.